సేఠ్‌జీ పొగడ్త, చెన్ గారి కుర్చీ

ఈమధ్య మా రాయపూర్ పక్కనున్న ఉర్లా ఫ్యాక్టరీల నుంచి కుర్ర ఇంజనీర్లు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తున్నారు. వాళ్ల కంపెనీలు చైనా నుంచి యంత్రాలు తెప్పిస్తున్నాయి. బిగించడానికి చైనావాళ్లు వస్తున్నారు. వాళ్లతో ఎలా మెలగాలో చెప్పమని అడుగుతారు. "అంకుల్, విజిటింగ్ కార్డు రెండు చేతుల్తో ఇవ్వాలట కదా?" అని మొదలుపెడతారు.

ఇవ్వాలి. వాళ్లిచ్చిన కార్డుని చదివి బల్ల మీద ఎదురుగా పెట్టుకోవాలి. ప్యాంటు వెనక జేబులో తోసి దాని మీద కూర్చోకూడదు. పేరులో ముందు వచ్చేది ఇంటిపేరు. గదిలోకి ముందుగా అడుగుపెట్టేవాడు వాళ్లలో పెద్ద. ఇవన్నీ ఒక పూటలో వచ్చేస్తాయి. మన తెలుగువాళ్లకైతే మరీ సులువు, ఇంటిపేరు ముందు రాసుకోవడమూ పెద్దలకు రెండు చేతులతో అందించడమూ మనకు కొత్తేం కాదు. నేను రాయాలనుకున్నది వీటి గురించి కాదు. ఒక మంచి మనిషి ఇంకో మంచి మనిషిని నిండు సభలో మెచ్చుకుని ముంచేశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ తర్వాత నేనిచ్చిన సలహా ఒకటుంది. పిల్లలకు చెప్పదగినది నా ఉద్యోగంలో ఏదైనా ఉంటే అదే.

మా సేఠ్‌జీ

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద రాయపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఎలక్ట్రికల్ చదివి, కొన్నాళ్లు అక్కడా ఇక్కడా పనిచేసి, చివరికి ఉర్లాలో ఒక ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీలో కుదురుకున్నాను. ఉక్కులో కలిపే లోహాలను కరెంటు కొలిమిలో కరిగించి తీయడం మా పని. యజమానిని అందరం సేఠ్‌జీ అనేవాళ్లం.

సేఠ్‌జీ నోరు పెద్దది. పొద్దున మీటింగులో ఎవణ్నో ఒకణ్ని దులిపేయందే ఆయనకు టీ దిగేది కాదు. మధ్యాహ్నం అదే మనిషిని తన టిఫిన్ డబ్బా దగ్గర కూర్చోబెట్టి, తన చేత్తో రొట్టె వడ్డించేవాడు. తిట్టినా అందరి ముందే, పొగిడినా అందరి ముందే. చాటుగా చెప్పేది ఏదైనా ఆయన దృష్టిలో దొంగమాట. ఆయన తిట్టడం మానేశాడంటే మనిషిని వదులుకున్నాడని అర్థం. మా ఫ్యాక్టరీలో బీర్‌గావ్ నుంచి వచ్చే కూలీ దగ్గర నుంచి నా దాకా అందరికీ ఈ లెక్క తెలుసు. ఆయన తిట్లు తిని ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయేవాళ్లం.

తప్పు ఒప్పుకున్నవాడంటే ఆయనకు మహా ఇష్టం. ఎవరైనా "గల్తీ మేరీ హై సేఠ్‌జీ" అంటే చాలు, కోపం మొత్తం కారిపోయేది. వాణ్ని భుజం పట్టుకుని షెడ్డంతా తిప్పుతూ, "దేఖో, యే హై మర్ద్!" అని, మగాడంటే వీడని అందరికీ చూపించేవాడు.

తొంభైల మొదట్లో ఆయనకు కొత్త కొలిమి మీద మనసు పడింది. చైనాలో తక్కువ ధరకు దొరుకుతుందని ఎవరో చెప్పారు. కొన్నాడు. దాన్ని గీసిన ఇంజనీరే వచ్చి దగ్గరుండి బిగించాలని ఒప్పందం.

చెన్ గారు

ఆ ఇంజనీరు పేరు చెన్. యాభై దాటినవాడు, సన్నగా ఉండేవాడు, చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకునేవాడు. వెంట దుబాసీగా లిన్ అనే అమ్మాయి వచ్చింది. సేఠ్‌జీ హిందీలో మాట్లాడతాడు, నేను ఇంగ్లీషులోకి మారుస్తాను, లిన్ దాన్ని చైనీస్‌లో చెబుతుంది. అటు నుంచి జవాబు మళ్లీ ఇదే దారిలో వెనక్కి వస్తుంది. ఈ తిరుగుడంతా చూసి సేఠ్‌జీ విసుక్కునేవాడు.

చెన్ గారికి ఇంగ్లీషు కొద్దిగా వచ్చని నాకు రెండో వారంలో తెలిసింది. ఇద్దరమే ఉన్నప్పుడు నెమ్మదిగా, ఒక్కో మాటా ఏరుకుంటూ మాట్లాడేవాడు. మీటింగులో మాత్రం ఒక్క ముక్క పలికేవాడు కాదు. ఎందుకని లిన్‌ని అడిగాను. "పెద్దవాళ్లు సభలో తమ భాషలోనే మాట్లాడతారు. తప్పుగా పలికితే బాగుండదు కదా" అంది.

మొదట్లో మా తిప్పలు నవ్వొచ్చేలా ఉండేవి. ఒక ఆదివారం ఇద్దర్నీ భోజనానికి పిలిచాను. మా ఆవిడ పొద్దున్నుంచీ వండింది. చెన్ గారు అన్నీ ఇష్టంగానే తిన్నాడు గానీ, చివర్లో కంచంలో కాస్త అన్నం, రెండు ముక్కలు వదిలేశాడు. వాళ్లు వెళ్లగానే మా ఆవిడ మొహం ముడుచుకుంది.

"ఏటండీ, అలాగ ఒగ్గేసినారు? నా సబ్జీ బాగోనేదేటి?"

మర్నాడు లిన్‌ని అడిగితే అసలు సంగతి తెలిసింది. కంచం ఖాళీ చేస్తే ఇంటివాళ్లు సరిపడా పెట్టలేదని అర్థమట. కడుపు నిండింది, మీరు ఘనంగా పెట్టారు అని చెప్పడానికే కొంచెం వదులుతారట. మా పద్ధతి దీనికి తలకిందులని నేను ఆమెకు చెప్పాను, ఆమె ఆయనకు చెప్పింది. తరువాతి ఆదివారం ఆయన కంచం కడిగినంత శుభ్రంగా తినేశాడు. మా ఆవిడ మురిసిపోయి మళ్లీ నింపింది. ఆయన దాన్నీ తినేశాడు. ఆమె మళ్లీ గరిటె ఎత్తింది. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేను. ఆ రోజు నలుగురం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుకున్నాం.

చెన్ గారి నోట 'కాదు' అనే మాట వినలేదు. ఏదైనా కుదరకపోతే "పరిశీలిస్తాం" అనేవాడు. సేఠ్‌జీ దాన్ని 'అవును' కిందే జమకట్టి, పని ఎందుకు మొదలవలేదని నా మీద పడేవాడు. రెండుసార్లు దెబ్బ తిన్నాక నేను ఆ మాటను హిందీలోకి తిన్నగా "నహీ హోగా", కుదరదు, అని మార్చడం మొదలుపెట్టాను. అప్పట్నుంచి ఇద్దరికీ మధ్య గొడవ తగ్గింది. నేనేదో పెద్ద పండితుణ్ననే నమ్మకం నాలో బయల్దేరింది అప్పుడే.

మే నెల నీళ్లు

కొలిమి బిగింపు దాదాపు పూర్తయ్యాక, పరీక్షగా కరెంటు ఇచ్చి చూశాం. కొలిమిలోకి కరెంటును తీసుకెళ్లే పెద్ద కడ్డీలను రాగి పట్టీలు పట్టుకుని ఉంటాయి. ఆ పట్టీలు కాలిపోకుండా వాటి లోపల నీళ్లు పారుతూ ఉండాలి. నీళ్లు పారుతున్నా పట్టీలు చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కుతున్నాయి. రబ్బరు గొట్టం ఒకటి పేలింది. అదృష్టం కొద్దీ దగ్గర్లో ఎవరూ లేరు.

నాకు అనుమానం వచ్చింది. చెన్ గారు ఉండే ఊరు చల్లటి ప్రదేశం. అక్కడి నీళ్లకు సరిపోయే గొట్టాలు గీశాడు. మా రాయపూర్‌లో మే నెలలో తొట్టిలో నీళ్లు వేణ్ణీళ్లే. గొట్టాలు ఇంకా లావుగా ఉండాలి. అంటే నక్షాలోనే తప్పుంది.

ఇదే మా వాళ్లలో ఎవరిదైనా నక్షా అయితే, మర్నాడు మీటింగులో బల్ల గుద్ది చెప్పేవాణ్ని. కానీ ముందు లిన్‌తో అన్నాను. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "మీటింగులో వద్దు మిస్టర్ రావ్. ఎవరూ లేనప్పుడు కూడా తప్పు అని అనకండి. ఆయన్ని చూడనివ్వండి" అంది.

ఆ మధ్యాహ్నం ఎండలో చెన్ గారిని నీళ్ల తొట్టి దగ్గరకు తీసుకెళ్లాను. "మా ఊరి నీళ్లు చూడండి" అన్నాను, అంతే. ఆయన చొక్కా చెయ్యి మడిచి నీళ్లలో పెట్టాడు. చాలాసేపు తీయలేదు. తీశాక జేబురుమాలుతో తుడుచుకుని షెడ్డులోకి వెళ్లిపోయాడు.

మర్నాడు మీటింగులో లిన్ లేచి, ఇక్కడి వాతావరణానికి తగినట్టు చైనా పక్షం వారు ఒక మెరుగుదల ప్రతిపాదిస్తున్నారని చదివింది. కొత్త గొట్టాల నక్షా అప్పటికే సిద్ధంగా ఉంది. మార్చాం. పట్టీలు చల్లబడ్డాయి.

ఆ సాయంత్రం చెన్ గారు నన్ను గెస్ట్ హౌస్‌కి పిలిచి, ఊరి నుంచి తెచ్చుకున్న టీ ఆకులతో తనే టీ కాచి ఇచ్చాడు. తొట్టి ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. కాసేపటికి తన ఇంగ్లీషులో చెప్పాడు. వాళ్ల సంస్థలో చీఫ్ ఇంజనీర్ రిటైరవుతున్నాడట. ఆ కుర్చీకి ఈయన పేరు వినిపిస్తోందట. ప్రారంభోత్సవానికి వాళ్ల డైరెక్టర్ వస్తున్నాడు, కొలిమి చూసి వెళ్లాక నిర్ణయిస్తాడు. "ఈ కొలిమి నాకు ముఖ్యం" అన్నాడు. అంతకంటే ఎక్కువ చెప్పే మనిషి కాడు. ఇంత చెప్పాడంటే నన్ను తనవాణ్నిగా అనుకున్నాడని నాకు అర్థమై చాలా సంతోషించాను.

ప్రారంభోత్సవం

సేఠ్‌జీకి గొట్టాల కథంతా తెలుసు, డబ్బు ఆయనదే కదా. ప్రారంభోత్సవానికి ముందు ఆయన గదికెళ్లి చెప్పాను. "సేఠ్‌జీ, చైనా డైరెక్టర్ ముందు పైపుల సంగతి ఎత్తకండి. చెన్ సాబ్‌కి ఇబ్బంది అవుతుంది."

"అరే పగ్లే, నేనెందుకు ఎత్తుతాను? మేరా దోస్త్ హై వో" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఫ్యాక్టరీ ముందు షామియానా వేశారు. డైరెక్టర్ వూ వచ్చాడు, చిన్నగా నవ్వే గంభీరమైన మనిషి. మొదటి లోహం ఎర్రగా జారింది, కొబ్బరికాయలు పగిలాయి, లడ్డూలు పంచారు. సేఠ్‌జీ మైకు పట్టుకున్నాడు. పక్కన నేను, నా పక్కన లిన్. ముందు వరుసలో డైరెక్టర్, ఆయన పక్కన చెన్ గారు.

ఉపన్యాసం బాగానే మొదలైంది. దేశాల స్నేహం, ఉర్లా అభివృద్ధి, అన్నీ అయ్యాయి. తర్వాత సేఠ్‌జీ చెన్ గారి వైపు చూశాడు. ఆయన కళ్లు తడిశాయి. ఆనందం పట్టలేకపోతే ఆయనకు ఏ కట్టుబాటూ గుర్తుండదు.

"మా ఇంజనీర్లు తప్పు చేస్తే పదిమంది మీద తోస్తారు. ఈ చెన్ సాబ్‌ని చూడండి! నక్షాలో గల్తీ దొరికింది. పెద్ద గల్తీ. ఒక్క మాట వాదించలేదు. తలవంచి ఒప్పుకుని తన చేత్తో సరిచేశాడు. ఇంత పెద్ద మనసున్నవాణ్ని నా జన్మలో చూడలేదు!" అన్నాడు హిందీలో.

నేను ఇంగ్లీషులో, "ఇక్కడి వాతావరణానికి తగినట్టు మిస్టర్ చెన్ ఎన్నో మెరుగుదలలు చేశారు, వారికి మా కృతజ్ఞతలు" అన్నాను. లిన్ గబగబా దాన్ని అందుకుంది.

సేఠ్‌జీకి ఇంగ్లీషు రాదు గానీ చెవులు చురుకు. తను అంత చెబితే నేను ఇంత చెప్పానని పట్టేశాడు. "అరే రావ్, గల్తీవాలీ బాత్ బోల్ నా! వహీ తో అస్లీ బాత్ హై!" అంటూ, తప్పు సంగతే అసలు మాట, అది చెప్పమని, నన్ను భుజంతో పక్కకు తోసి, తనకు తెలిసిన ఇంగ్లీషంతా కూడదీసుకుని మైకులో అరిచాడు. "మిస్టేక్! బిగ్ మిస్టేక్! బట్, బిగ్ హార్ట్!"

జనం చప్పట్లు కొట్టారు. మా కూలీలు ఈలలు వేశారు. వాళ్లకు అది ఎవరికైనా దక్కగలిగిన గొప్ప గౌరవం. డైరెక్టర్ వూ లిన్ వైపు చూడలేదు. ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చని, మర్యాద కోసమే దుబాసీని పెట్టుకుంటాడని నాకు అప్పుడు తెలిసింది. ఆయన నవ్వు అలాగే ఉంది. మెల్లగా తల తిప్పి చెన్ గారిని ఒకసారి చూసి, మళ్లీ ముందుకు తిప్పుకున్నాడు.

సేఠ్‌జీ దిగి వచ్చి చెన్ గారి మెడలో దండ వేసి, గట్టిగా కౌగిలించుకున్నాడు. చెన్ గారు లేచి, షర్బత్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, దాని అంచు సేఠ్‌జీ గ్లాసు అంచు కంటే కిందకు దించి తాకించాడు. గౌరవించదగినవాడి ముందు అలా చేయడం వాళ్ల మర్యాద. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. మర్యాద మాత్రం పూర్తిగా నెరవేర్చాడు. నాకు ఏడుపొచ్చింది.

నేనిచ్చిన సలహా

చెన్ గారు ఇంకా కొన్ని వారాలు ఉండాల్సింది. డైరెక్టర్‌తో పాటే వెళ్లిపోయాడు. మా వాళ్లకు పని నేర్పడానికి వేరే కుర్రవాణ్ని పంపారు. చీఫ్ ఇంజనీర్ కుర్చీ ఇంకొకరికి వెళ్లిందని, చెన్ గారిని కొత్తవాళ్లకు పాఠాలు చెప్పే శాఖకు మార్చారని లిన్ తరువాత ఫోనులో చెప్పింది.

సేఠ్‌జీకి చెప్పాను. ఆయన చాలాసేపు నమ్మలేదు.

"మైనే తో తారీఫ్ కీ థీ!" అన్నాడు. పొగిడాను కదా, పొగిడాను కదా అని పదే పదే అన్నాడు. తర్వాత ఫోను దగ్గరకు జరిగి, "నంబర్ కలుపు. డైరెక్టర్‌తో మాట్లాడతాను. మాఫీ అడుగుతాను. లేకపోతే చెన్ సాబ్‌తోనే మాట్లాడతాను" అన్నాడు.

నేను వద్దన్నాను. అప్పటికి నాకు వాళ్ల పద్ధతులు తెలుసన్న పేరు ఫ్యాక్టరీలో స్థిరపడిపోయింది. క్షమాపణ అడిగితే ఆ సంగతి మళ్లీ నలుగురి నోళ్లలో పడుతుందని, చెన్ గారి పరువు రెండోసారి పోతుందని, మౌనమే వాళ్లకు మర్యాద అని వివరించాను. బాగా వివరించాను. అంత నోరున్న మనిషి నా మాటకు తలవంచడం అదే మొదటిసారి.

"తో మై క్యా కరూఁ?"

"ఏమీ చేయకండి సేఠ్‌జీ."

ఏమీ చేయకుండా ఉండటం ఆయనకు చాతకాని పని. నా మాట మీద గౌరవంతో చేశాడు. ఆ తర్వాత మీటింగుల్లో ఎవరినైనా పొగడబోయి ఆగిపోవడం రెండు మూడు సార్లు చూశాను. కొన్నేళ్లకు గుండెజబ్బుతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడటానికి వెళ్లాను. ఫ్యాక్టరీ మాటలు అయ్యాక, "చెన్ సాబ్ అబ్ భీ నారాజ్ హై క్యా?" అని అడిగాడు. ఇంకా కోపంగానే ఉన్నాడా అని. లేదన్నాను. నాకేం తెలుసు? ఆ వారమే ఆయన పోయాడు.

చెన్ గారిని మళ్లీ చూసినప్పుడు

నేను రిటైరయ్యే ముందు, రాగి పట్టీలు కొనడానికి కంపెనీ నన్ను చైనా పంపింది. చెన్ గారి ఊరే. వారి సంస్థవాళ్లు విందు ఇచ్చారు. లిన్ ఇప్పుడు ఎగుమతుల శాఖలో పెద్ద ఉద్యోగి. చెన్ గారిని కూడా పిలిచింది. నాకు చెవిలో, "ఆ రోజు సంగతి ఎత్తవద్దు" అంది. నాకు చెప్పాలా అన్నట్టు తలూపాను.

ఆయన జుట్టు పూర్తిగా నెరిసింది. నా పక్కనే కూర్చున్నాడు. చేప తెచ్చి, తల వైపు నా ముందుకు వచ్చేలా పెట్టారు, ముఖ్య అతిథికి అలా పెడతారు. ఆయన తన చేత్తో నాకు వడ్డించాడు. కొలిమి ఎలా నడుస్తోందని లిన్ ద్వారా అడిగాడు, బాగా నడుస్తోందన్నాను. మా ఆవిడ క్షేమం అడిగాడు. నేను కంచంలో కొంచెం వదిలేశాను. ఎక్కడా ఏ లోపమూ లేకుండా విందు ముగిసింది.

కారు కోసం బయట నిలబడ్డాం. లిన్ డ్రైవరును పిలవడానికి వెళ్లింది. ఇద్దరమే ఉండగా చెన్ గారు ఇంగ్లీషులో, ఒక్కో మాటా ఏరుకుంటూ అడిగాడు.

"మీ బాస్ ఎలా ఉన్నారు?"

పోయారని చెప్పాను. ఆయన తల వంచాడు.

"ఆయన ఆ రోజు రెండు మాటలన్నారు. ఇక్కడ అందరూ మొదటిదే గుర్తుపెట్టుకున్నారు. నేను రెండోది మా ఇంట్లో చెప్పాను. నా ఉద్యోగం మొత్తంలో, ఇంతమంది ముందు, నాకు మంచి మనసుందని చెప్పింది ఆయనొక్కరే."

లిన్ వెళ్లిన వైపు ఒకసారి చూసి మళ్లీ అన్నాడు.

"నేను చెప్పకుండా వచ్చేశాను కదా, ఆయనకు కోపం వచ్చిందనుకున్నాను. ఎప్పుడో ఒకరోజు ఫోన్ చేస్తారనుకున్నాను. గట్టిగా మాట్లాడే మనిషి కదా, అలా ఊరుకోరు అనుకున్నాను. చేయలేదు."

అప్పుడు చెప్పేశాను. "చేస్తానన్నారు. మీ కుర్చీ సంగతి తెలిసిన రోజే నంబరు కలపమన్నారు. నేనే ఆపాను. మీ పద్ధతి కాదని చెప్పి ఆపాను."

ఆయన నా మొహంలోకి చూశాడు. కోపం కనిపించలేదు. నా చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మిస్టర్ రావ్, మీరు మా పద్ధతులు చాలా బాగా నేర్చుకున్నారు" అన్నాడు.

వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే మెచ్చుకున్నాడు. లిన్ కారు తెచ్చింది, నేను ఎక్కి కూర్చున్నాను.